బతికున్న రాక్షసబల్లులు: వాదమెంత, ఆధారమెంత?



ఈనాటి ప్రసంగ విషయం రాక్షసబల్లులు. డైనోసార్లు అని మన పిల్లలందరూ నోరారా పలికే జంతువులు. అవి ఒకప్పుడు ఈ నేల మీద తిరిగాయన్న విషయంలో ఎవరికీ తగవు లేదు. తగవల్లా అవి ఎప్పుడు పోయాయన్న దగ్గర వస్తుంది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం అంతరించాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. మనిషి పుట్టి మహా అయితే 3 లక్షల ఏళ్లు. ఆ లెక్కన మనిషీ, రాక్షసబల్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకునే వీలే లేదు. అయినా నాలుగేళ్లకో, అయిదేళ్లకో ఒక వార్త పుడుతూనే ఉంటుంది. ఫలానా చెరువులో రాక్షసబల్లి బతికే ఉందట, ఫలానా వలలో దాని కళేబరం పడిందట, ఫలానా బండ మీద దాని అడుగు పక్కనే మనిషి అడుగు ఉందట అని. ఈ 'అట'ల వెనుక ఉన్నదేమిటో, ఇవి ఒక పెద్ద వాదంలోకి ఎలా వచ్చి చేరాయో ఇవాళ చెప్పుకుందాం.

ఆ వాదానికి పుట్టినిల్లు మన దేశం కాదు. 17వ శతాబ్దంలో ఐర్లండ్‌లో జేమ్స్ అషర్ అనే ఆర్చిబిషప్ ఉండేవారు. ఆయన బైబిల్‌లోని వంశావళులను, రాజుల పాలనాకాలాలను కూడి, సృష్టి క్రీస్తు పూర్వం 4004లో జరిగిందని లెక్క తేల్చారు. అంటే భూమి వయసు 6 వేల ఏళ్ల చిల్లర. ఈ లెక్కను అక్షరాలా నమ్మేవారు ఇప్పటికీ, ముఖ్యంగా అమెరికాలో, గణనీయంగా ఉన్నారు. వారిని సృష్టివాదులు అంటున్నారు. భూమి వయసే 6 వేల ఏళ్లయినప్పుడు రాక్షసబల్లులు కూడా అందులోనే ఇమడాలి. అవి మనుషులతో కలిసి మెలిసి తిరిగి ఉండాలి, నోవహు ఓడలోనూ ఎక్కి ఉండాలి. 2007లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఒక సృష్టి ప్రదర్శనశాల తెరిచారు. అందులో పిల్లలు ఆడుకుంటూ ఉంటే పక్కనే రాక్షసబల్లి పిల్లలు తిరుగుతున్నట్టు బొమ్మలు పెట్టారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఇది మతానికీ, శాస్త్రానికీ మధ్య యుద్ధం అనుకోవడం పొరపాటు. క్రైస్తవులందరూ అషర్ లెక్కను నమ్మరు. పోప్ రెండవ జాన్ పాల్ గారు 1996లో, పరిణామ సిద్ధాంతం కేవలం ఊహ అనే స్థాయిని దాటిందని తమ సందేశంలో అంగీకరించారు. మన పురాణాల సంగతి వేరు. వాటిలో ఒక కల్పానికి 432 కోట్ల ఏళ్లు. కాబట్టి కాలం పెద్దదంటే మనకు పెద్దగా కష్టం తోచదు. కానీ జీవులు మారుతూ వచ్చాయన్న మాట మాత్రం మన ఇళ్లలోనూ కొందరికి మింగుడు పడదు.

మరి మనకెందుకీ గొడవ అంటారా? బడి పంతుళ్లకు ఇది తప్పదు. ఈ కాలపు పిల్లల చేతిలోకి ప్రపంచంలోని ప్రతి వార్తా వచ్చి పడుతోంది, బొమ్మతో సహా. "మాష్టారూ, రాక్షసబల్లి దొరికిందట కదా, మరి డార్విన్ చెప్పింది తప్పేనా?" అని తొమ్మిదో తరగతి పిల్లవాడు లేచి నిలబడి అడుగుతాడు. వాడి ప్రశ్నలో తప్పేమీ లేదు. పైగా మన పాఠ్యపుస్తకాల పరిస్థితి కూడా చూడండి. పాఠ్యభారం తగ్గించే పేరుతో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి, అంటే ఎన్.సి.ఇ.ఆర్.టి., పదో తరగతి సైన్సులోంచి జీవపరిణామ భాగాన్ని తీసివేసింది. 2023లో 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు ఇది తగదని బహిరంగ లేఖ రాశారు. పదో తరగతితో చదువు ఆపేసేవారు, లేదా తర్వాత సైన్సు తీసుకోనివారు ఎంతమందో మనకు తెలుసు. వారికి బడిలో ఈ పాఠం అందకపోతే, బయట ఎవరు ఏది చెబితే అదే పాఠమవుతుంది.

ఇక అసలు కథల్లోకి వద్దాం. వీటన్నిటిలో పేరు మోసింది జుయియో మారు కథ. జుయియో మారు అనేది జపానుకు చెందిన చేపల ఓడ పేరు. 1977 ఏప్రిల్ 25న న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరానికి తూర్పున, సుమారు 300 మీటర్ల లోతు నుంచి అది వల లాగింది. వలలో ఒక పెద్ద కళేబరం వచ్చింది. పొడవు సుమారు 10 మీటర్లు, బరువు సుమారు 1800 కిలోలు. చిన్న తల, పొడవాటి మెడ, నాలుగు పెద్ద తెడ్ల వంటి అవయవాలు, తోక. కుళ్లి కంపు కొడుతోంది. ఓడలో ఉన్న మిచిహికో యానో అనే ఉద్యోగి దాన్ని కొలిచి, కొన్ని ఫోటోలు తీశారు. తెడ్డు అంచు నుంచి కొమ్ము వంటి పోగులు కొన్ని కత్తిరించి దాచారు. మంచి చేపలకు ఆ కుళ్లు అంటుకుంటుందేమోనని కెప్టెన్ కళేబరాన్ని తిరిగి సముద్రంలో పారేయించారు.

ఆ ఏడాది జులైలో ఫోటోలు బయటికి రాగానే జపాను అంతా హోరెత్తిపోయింది. ఇది ప్లీసియోసార్ అన్నారు. ప్లీసియోసార్ అంటే రాక్షసబల్లుల కాలంలో సముద్రంలో ఈదిన పొడుగు మెడ సరీసృపం. నిజానికి అది డైనోసారే కాదు, వేరే వంశం. కానీ వార్తలకు అంత తీరిక ఉండదు. పేరున్న శాస్త్రవేత్తలు కొందరు కూడా తొలిరోజుల్లో అది సరీసృపమే అయి ఉంటుందన్నారు. పారేసిన కళేబరం కోసం ఓడలు మళ్లీ వెతికాయి. దొరకలేదు. అమెరికాలో సృష్టివాదుల పత్రికలు, పుస్తకాలు ఈ ఫోటోను ఎత్తుకున్నాయి. కోట్ల ఏళ్ల క్రితం పోయిందన్న జంతువు నిన్న వలలో పడిందంటే ఆ కోట్ల ఏళ్ల లెక్కే అబద్ధమని వాదించాయి.

అయితే యానో గారు దాచిన ఆ కాసిని పోగులు ఉన్నాయే, అవే ఈ కథను మలుపు తిప్పాయి. వాటిని పరీక్షించి చూస్తే ఎలాస్టాయిడిన్ అనే మాంసకృత్తు బయటపడింది. ఇది సొరచేపల వాజాల్లో ఉండే పదార్థం. అందులోని అమైనో ఆమ్లాల పాళ్లను బాస్కింగ్ షార్క్ అనే సొరతో పోల్చి చూశారు. దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. 1978లో జపాను శాస్త్రజ్ఞులు తమ పరిశీలనలన్నీ ఒక సంపుటిగా వేశారు. అది సొరచేపే అయి ఉంటుందని మొగ్గారు.

మరి సొరకు పొడుగు మెడ ఎక్కడిది? ఈ ప్రశ్నకు గోపాల్‌పూర్ తీరాన ఉన్న మన తెలుగు మత్స్యకారులను అడిగినా జవాబు చెప్పగలరు. చచ్చిన చేప సముద్రంలో నానితే ముందు ఏది ఊడుతుందో, తర్వాత ఏది రాలుతుందో వారికి తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు. బాస్కింగ్ షార్క్ 10 మీటర్ల దాకా పెరిగే భారీ చేప. నోరు గుహలా తెరుచుకుని, నీటిలోని సన్నని జీవులను మొప్పలతో వడపోసి తింటుంది. దాని దవడలు, మొప్పల కమానులు చాలా పెద్దవి, కానీ తలకు గట్టిగా అతుక్కుని ఉండవు. కుళ్లడం మొదలవగానే అవి ముందుగా ఊడి పడిపోతాయి. మిగిలేది చిన్న పుర్రె పెట్టె, దాని వెనుక సన్నని వెన్నుపూసల వరస. చూసేవారికి అది చిన్న తల, పొడుగు మెడ. తోకకు ఉన్న కింది రెక్క కూడా రాలిపోతుంది. మిగిలిన పక్క వాజాలు నాలుగు తెడ్లు. చూస్తుండగానే చేప కాస్తా రాక్షసి అయి కూర్చుంటుంది.

ఇది కొత్త కథ కూడా కాదు. 1808లో స్కాట్లండ్ ఉత్తరాన స్ట్రాన్సే అనే దీవి ఒడ్డుకు ఇలాంటిదే ఒక కళేబరం కొట్టుకొచ్చింది. పెద్దలు దానికి ఘనంగా ఒక లాటిన్ పేరు కూడా పెట్టేశారు. లండన్‌లో ఎవరార్డ్ హోమ్ అనే శరీరశాస్త్రవేత్త దాని వెన్నుపూసలు తెప్పించుకుని చూసి, ఇది బాస్కింగ్ షార్క్ అని చెప్పారు. 169 ఏళ్ల తేడాతో ఒకే చేప రెండుసార్లు లోకాన్ని బురిడీ కొట్టించిందన్నమాట. చెప్పుకోదగ్గ విషయం ఇంకొకటుంది. 1990ల చివరికి సృష్టివాదుల సొంత పత్రికల్లోనే ఇది సొరచేపేనని వ్యాసాలు వచ్చాయి. ఈ ఉదాహరణను ఇక వాడవద్దని వారే తమవారికి సలహా ఇచ్చారు. ఆ నిజాయితీని మనం మెచ్చుకోవాలి. కానీ వారు వదిలేసిన తర్వాత కూడా ఆ ఫోటో మాత్రం ఊరూరా తిరుగుతూనే ఉంది.

రెండో కథ అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, గ్లెన్ రోజ్ అనే ఊళ్లో జరిగింది. అక్కడ పలుక్సీ అనే ఏరు ఉంది. ఏటి అడుగున సున్నపురాతి పలకల మీద సుమారు 11 కోట్ల ఏళ్ల నాటి రాక్షసబల్లుల అడుగుజాడలు ఉన్నాయి. వాటి పక్కనే మనిషి పాదాల వంటి పొడుగాటి జాడలు కూడా కనిపించాయి. అంతే, మనిషీ రాక్షసబల్లీ ఒకే బురదలో నడిచారన్న ప్రచారం మొదలైంది. 1961లో వచ్చిన ఒక సృష్టివాద గ్రంథం దీన్ని ముఖ్య సాక్ష్యంగా చూపింది. తర్వాత సినిమా కూడా తీశారు.

ఇందులో రెండు విషయాలు కలగలిసి ఉన్నాయి. మొదటిది, 1930లలో అమెరికాలో ఆర్థిక మాంద్యం వచ్చి పనులు లేని రోజుల్లో, ఆ ఊరివారు కొందరు రాతి మీద పెద్ద పెద్ద మనిషి పాదాలు చెక్కి అమ్ముకున్నారు. పొట్ట కూటి విద్యలన్నమాట. 1938లో న్యూయార్కు ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల తరఫున రోలండ్ బర్డ్ అనే అన్వేషకుడు వచ్చింది అలాంటి రాళ్లను చూసే. అవి చెక్కినవని ఆయనకు తెలిసిపోయింది. కానీ ఏట్లో వెతికితే నిజమైన రాక్షసబల్లుల జాడలు అద్భుతంగా దొరికాయి. రెండవది, ఏట్లో నిజంగానే ఉన్న పొడుగాటి జాడలు. 1980లలో గ్లెన్ క్యూబన్ అనే ఔత్సాహిక పరిశోధకుడు ఓపికగా వాటిని శుభ్రం చేసి చూస్తే, వేళ్ల చోట నిండిన మట్టి వేరే రంగులో తేలింది. మూడు వేళ్ల గుర్తు స్పష్టమైంది. బురదలో మడమ ఆనించి నడిచిన రాక్షసబల్లి జాడలవి. వేళ్ల గుంటల్లో మట్టి నిండిపోయి, మిగిలిన పొడుగు భాగం మనిషి పాదంలా కనిపించింది. ఇది తెలిశాక 1986లో ఆ సినిమాను ప్రదర్శన నుంచి వెనక్కి తీసుకున్నారు. సృష్టివాద సంస్థ కూడా ఈ సాక్ష్యం వాడటం మంచిది కాదని రాసింది.

మూడో కథ ఆఫ్రికాలో, కాంగో దేశపు లికువాలా చిత్తడి అడవుల్లోది. అక్కడివారు మొకెలె-ఎంబెంబె అనే జంతువు గురించి చెప్పుకుంటారు. ఏనుగంత ఒళ్లు, పాము వంటి మెడ. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ మాకల్ 1980లో, 1981లో రెండుసార్లు వెళ్లి వెతికారు. ఆయన సృష్టివాది కాదు. ఆయనకు జంతువు కనిపించలేదు. 1983లో కాంగో జంతుశాస్త్రవేత్త ఒకరు టెలె సరస్సులో చూశానన్నారు. కానీ కెమెరాలో బొమ్మ పడలేదు. తర్వాత సృష్టివాదుల బృందాలూ వెళ్లి వచ్చాయి. ఎముక లేదు, పన్ను లేదు, తోలు ముక్క లేదు.

అడవి అంత దట్టమైతే ఎలా కనిపిస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు అదే కాంగో అడవిలో ఉంది. 2008లో వన్యప్రాణి శాస్త్రజ్ఞులు ఉత్తర కాంగోలో సుమారు 1 లక్షా 25 వేల గొరిల్లాలు ఉన్నాయని ప్రకటించారు. వాటిలో చాలా మటుకు అంతకు ముందు లెక్కకు రానివి. గొరిల్లాలను ఒక్కొక్కటిగా చూసి లెక్కపెట్టారా? లేదు. గొరిల్లా ప్రతి రాత్రీ ఆకులతో పడక వేసుకుంటుంది. ఆ పడకలను లెక్కగట్టారు. పెద్ద జంతువు దాక్కోగలదు గానీ, దాని పడక, పేడ, ఎముక దాక్కోలేవు. ఇంకొకటి, ఒక్క రాక్షసబల్లి 6 కోట్ల ఏళ్లు బతకదు కదా. తల్లీ తండ్రీ పిల్లలతో ఒక మంద ఉండాలి. మందంతా జాడ లేకుండా తిరగడం సాధ్యమా?

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పెరూ దేశంలో ఈకా అనే చోట రాక్షసబల్లుల మీద స్వారీ చేస్తున్న మనుషుల బొమ్మలు చెక్కిన రాళ్లు వేలకొద్దీ దొరికాయి. వాటిని అమ్మిన రైతు, పత్రికల్లో బొమ్మలు చూసి తానే చెక్కానని ఒప్పుకున్నాడు. దాన్ని అంతటితో వదిలేద్దాం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. సరే, ఇవన్నీ తేలిపోయాయి. కానీ రేపు నిజంగానే ఒక రాక్షసబల్లి ప్రాణంతో దొరికిందే అనుకుందాం. అప్పుడు పరిణామ సిద్ధాంతం కూలిపోతుందా?

కూలిపోదు. ఎందుకో ఒక నిజమైన ఉదాహరణతో చెబుతాను. 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవులో ఒక చేపల పడవ సరుకు దింపింది. అక్కడి ప్రదర్శనశాల అధికారిణి మార్జొరీ కోర్టెనే-లాటిమర్ అందులో నీలి రంగు చేప ఒకటి చూసి, ఇది మామూలు చేప కాదని పసిగట్టారు. దాన్ని అతి కష్టం మీద కాపాడారు. అది సీలకాంత్. రాక్షసబల్లులతో పాటే అంతరించిందని అప్పటిదాకా అందరూ అనుకున్న వంశం. శాస్త్రజ్ఞులు ఏం చేశారు? దాచారా? లేదు, పండగ చేసుకున్నారు. ఆమె పేరుతోనే దానికి లాటిమేరియా అని పేరు పెట్టారు. 1952లో రెండో చేప దొరికింది. ఇవాళ పాఠ్యపుస్తకాల్లో దాని బొమ్మ ఉంది. అది శిలాజాల్లో ఉన్న చేప కూడా కాదు, అదే వంశంలోని వేరే ప్రజాతి.

పాత వంశం ఒకటి మిగిలి ఉండటం మార్పు జరగలేదనడానికి సాక్ష్యం కాదు. దీన్ని మనకంటే బాగా అర్థం చేసుకోగలవారు ఎవరు? తరాల క్రితం వలస వచ్చి, ఒడియా నడుమ, తమిళం నడుమ, కన్నడం నడుమ, మరాఠీ నడుమ స్థిరపడ్డ తెలుగువాళ్లం మనం. మన ఇళ్లలో అమ్మమ్మలు వాడే కొన్ని మాటలు అటు జిల్లాల్లో ఎప్పుడో వాడుక తప్పాయి. ఒక పాత మాట మన వీధిలో బతికుందని, తెలుగు భాష ఎన్నడూ మారలేదని ఎవరైనా అంటారా? భాష ఒక చోట మారింది, ఒక చోట నిలిచింది. జీవులూ అంతే. రాక్షసబల్లులతో పాటు బతికిన మొసళ్ల వంశం, తాబేళ్ల వంశం నేటికీ ఉన్నాయి. వాటి వల్ల సిద్ధాంతానికి ఏ ఇబ్బందీ రాలేదు.

అయితే ఏది దొరికితే సిద్ధాంతానికి ఇబ్బంది? సరైన ప్రశ్న ఇదే. సుమారు 54 కోట్ల ఏళ్లకు ముందు కాలాన్ని ప్రీ కేంబ్రియన్ అంటారు. వెన్నెముక ఉన్న జంతువే లేని ఆ కాలపు రాతిలో ఒక కుందేలు శిలాజం చూపించండి, అప్పుడు ఆలోచిద్దాం అని జె.బి.ఎస్. హాల్డేన్ అన్నారని చెప్పుకుంటారు. ఆయన మనకు పరాయివారు కాదు. బ్రిటన్‌లో పుట్టిన ఆ మహా శాస్త్రజ్ఞుడు 1957లో మన దేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని రాసి పోయారు. ఆయన మాటలోని సారం ఇది: సిద్ధాంతం అన్నది, తనను ఓడించగల సాక్ష్యం ఏదో తానే చెప్పగలగాలి. అలాంటి కుందేలు ఇంతవరకూ దొరకలేదు.

సృష్టివాదులు చెప్పేవన్నీ పుకార్లే అంటే అదీ సరికాదు. ఒక్కోసారి నిజమైన పరిశోధననే వారు చూపిస్తారు. 2005లో మేరీ ష్వైట్జర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, మాంటానాలో దొరికిన టిరానోసారస్ తొడ ఎముకలోని ఖనిజాన్ని కరిగించి చూస్తే, లోపల సాగే గుణమున్న సన్నని నాళాల వంటివి కనిపించాయి. మెత్తని పదార్థం 6 కోట్ల 80 లక్షల ఏళ్లు నిలుస్తుందా, కాబట్టి ఎముక కొత్తదే అని సృష్టివాదులన్నారు. ష్వైట్జర్ స్వయంగా క్రైస్తవ విశ్వాసి. ఆమె ఆ ముగింపును ఒప్పుకోలేదు. రక్తంలోని ఇనుము ఆ కణజాలాన్ని చెడిపోకుండా కాపాడి ఉండవచ్చని, నిప్పుకోడి రక్తనాళాల మీద ప్రయోగాలు చేసి చూపించారు. ఈ విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య చర్చ ఇంకా ఉంది. కానీ ఆ చర్చ ఎముక ఎలా నిలిచిందన్న దాని గురించి. ఎముక వయసు గురించి కాదు, ఎందుకంటే వయసును చెప్పేది చుట్టూ ఉన్న రాతిపొరలు, వాటిలోని అణుధార్మిక మూలకాల లెక్కలు.

శాస్త్రం ఇతరులకు పెట్టే పరీక్ష తనకూ పెట్టుకుంటుందా అన్న అనుమానం మీకు రావచ్చు. మన దేశపు ఉదాహరణే చెబుతాను. భూగర్భ శాస్త్రజ్ఞులు పి. యాదగిరి గారు 1988లో ఒక రాక్షసబల్లికి పేరు పెట్టారు. అది కోటాసారస్. ఆనాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దాని ఎముకలు దొరికాయి. వాటితో నిలిపిన అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్సు ప్రదర్శనశాలలో పెట్టారు. అంతకు ముందు సంవత్సరమే ఆయన, అయ్యస్వామి గారు కలిసి తమిళనాడులో తిరుచిరాపల్లి వైపు కల్లమేడు దగ్గర దొరికిన బ్రహ్మాండమైన ఎముకలకు బృహత్కాయోసారస్ అని పేరు పెట్టారు. కాలి ఎముక ఒక్కటే 2 మీటర్లు. అంత పెద్ద జంతువు లోకంలోనే ఉండదన్నంత మాట. కానీ ఆ ఎముకలు తేమకు చెడి పొడిపొడిగా రాలిపోయాయి. మిగిలినవి బొమ్మలు, ఫోటోలు. ఫలితం ఏమిటి? ఒకే శాస్త్రజ్ఞుడు పేరు పెట్టిన రెండింటిలో, ఎముకలున్న కోటాసారస్‌ను ప్రపంచమంతా ఒప్పుకుంది. ఎముకలు పోయిన బృహత్కాయోసారస్ దగ్గర మాత్రం దశాబ్దాల పాటు ప్రశ్నార్థకం పెట్టింది. కొందరైతే అది రాయిగా మారిన చెట్టు మొద్దేమోనని కూడా అన్నారు. 2022లో పాత ఫోటోలు వెలికి తీసి మళ్లీ చర్చించారు. చెప్పింది ఎవరు అని శాస్త్రం అడగదు, చూపించేది ఏమిటి అని అడుగుతుంది.

దీనికి ఎదురుగా ఇంకొక కథ. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కాశ్మీర్ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర రాళ్లలో శిలాజాలు సేకరించారు. 1971లో ఒక చిన్న జంతువుకు ఇండోహ్యూస్ అని పేరు పెట్టారు. ఆయన పోయిన తర్వాత ఆయన భార్య ఆ రాళ్లను భద్రంగా ఉంచి, థెవిస్సెన్ అనే పరిశోధకుడికి ఇచ్చారు. అందులో ఒక పుర్రె చెవి ఎముక పగిలి లోపలి భాగం కనబడింది. అది తిమింగిలాలకు మాత్రమే ఉండే ఆకారం. సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ల నాటి, జింకపిల్ల వంటి ఆ గిట్టల జంతువు తిమింగిలాలకు దగ్గరి చుట్టమని 2007లో ప్రకటించారు. కనిపెట్టినవారు పోయినా, ఇంట్లో భద్రంగా ఉన్న రాయి సాక్ష్యం చెప్పింది.

చివరగా ఒక తమాషా సంగతి. బతికున్న రాక్షసబల్లి కోసం కాంగో దాకా పోనక్కరలేదు. 1861లో జర్మనీలో ఆర్కియోప్టెరిక్స్ శిలాజం బయటపడింది. రెక్కలూ ఈకలూ పక్షివి, పళ్లూ ఎముకల తోకా సరీసృపానివి. 1996లో చైనాలోని లియావోనింగ్‌లో దొరికిన ఒక చిన్న రాక్షసబల్లి ఒంటి మీద నూగు వంటి ఈకలు కనిపించాయి. తర్వాత అలాంటివి ఎన్నో దొరికాయి. ఇవాళ శాస్త్రజ్ఞులు పక్షులను రాక్షసబల్లుల వంశంలోనే లెక్కిస్తారు. మన పెరట్లో గింజలు ఏరుకునే కోడిపుంజు ఆ వంశాంకురమే. ఈసారి దాని కాళ్ల మీది పొలుసులు, మూడు వేళ్ల అడుగుజాడ జాగ్రత్తగా చూడండి. పలుక్సీ ఏటి బండ మీద ఉన్నదీ మూడు వేళ్ల జాడే.

పిల్లలు ఇలాంటి వార్త పట్టుకొచ్చినప్పుడు పెద్దలకు నా మనవి ఒక్కటే. వాళ్లను నవ్వి కూర్చోబెట్టకండి. వాళ్ల ఇంటి నమ్మకాన్ని హేళన చేయకండి. నాలుగు ప్రశ్నలు వాళ్ల చేతికివ్వండి. వస్తువు ఇప్పుడు ఎక్కడుంది? చూసినవారు తప్ప వేరేవారు పరీక్షించారా? మామూలు కారణం ఏదైనా ఉందేమో వెతికారా? ఇది నిజమైతే దాని అర్థం నిజంగా వాళ్లు చెప్పేదేనా? ఈ నాలుగూ అడగడం నేర్చిన పిల్లవాడు రాక్షసబల్లి దగ్గరే ఆగడు. మహిమగల మందు అమ్మేవాడినీ అడుగుతాడు, ఓటు అడగవచ్చినవాడినీ అడుగుతాడు, పాఠం చెప్పే మాష్టారినీ అడుగుతాడు. అడగనివ్వండి. దేవుణ్ణి నమ్మడమో, మానడమో వాడి మనసుకు సంబంధించిన విషయం. సాక్ష్యాన్ని తూచడం మాత్రం మనం నేర్పవలసిన విద్య.

జుయియో మారు ఓడ మీద అంత కంపులో, అంత తొందరలో ఒక మనిషి నాలుగు పోగులు కత్తిరించి దాచాడు. అవి లేకపోతే ఈ వాదం నేటికీ తెగి ఉండేది కాదు. మీ ఊరి బావి తవ్వకంలోనో, ఏటి గట్టునో వింత రాయి ఏదైనా కనబడితే పగలగొట్టకండి, పారేయకండి. దొరికిన చోటు రాసి పెట్టుకుని, దగ్గరి కళాశాలలో భూగర్భ శాస్త్రం చెప్పేవారికి చూపించండి.